బట్టల షాపుకి నేను రాసిన ఫోను రూల్సు

మా షాపుకి ఫోను రూల్సు అవసరం పడింది ఒక లంగా ఓణీ వల్ల.

నేను నరసరావుపేటలో, అంటే మా అందరి నోటా పేటలో, ఒక బట్టల షాపులో పని చేస్తాను. బిల్లింగు కంప్యూటరు, కెమెరాలు, షాపు ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఏసీ రిమోటు నా శాఖలు. ఆ రోజు గురజాల వైపు నుంచి ఒక కుటుంబం అమ్మాయి ఓణీల ఫంక్షనుకి బట్టలు తీసుకోవడానికి వచ్చింది. ముందు రోజే మా సేల్స్‌మన్ ఒకతను వాళ్ళకి వాట్సాప్‌లో మోడళ్ళు పంపించి ఉండటం వల్ల అతని నంబరు వాళ్ళ ఫోన్లలో, వాళ్ళ నంబర్లు అతని ఫోనులో ఉన్నాయి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఉన్న ఓణీలన్నీ పరిపించుకున్నారు. ఒకటి నచ్చింది కూడా. ఆ అమ్మాయి మేనమామ ఊసుపోక ఫోను తీసి, ఏదో చూసి, ఆగిపోయాడు. మా సేల్స్‌మన్ స్టేటస్‌లో తన పార్టీ నాయకుడు నిప్పుల మధ్యలోంచి నడిచి వస్తున్నాడు. వెనకాల సింహం. మేనమామది అవతలి పార్టీ.

"లెయ్యండే. ఈడ మనకి బట్టల్లేవు," అన్నాడాయన, మోకాళ్ళ ఎత్తున పేరుకున్న బట్టల మధ్య నిలబడి.

అందరూ లేచారు. ఆ అమ్మాయి మాత్రం గుమ్మం దాటేదాకా గులాబీరంగు ఓణీని తిరిగి తిరిగి చూసుకుంటూ పోయింది. పార్టీల వల్ల పల్నాడులో ఏమేం పోయాయో పెద్దవాళ్ళు కథలుగా చెబుతారు. నేను కళ్ళారా చూసిన నష్టం మాత్రం ఆ ఓణీ ఒక్కటే.

షావుకారు గారు క్యాష్ కౌంటరు దగ్గర కూర్చుని ఇదంతా చూశారు. తర్వాత సేల్స్‌మన్‌ని పిలిచారు.

"ఏరా, నీ సింహం ఎంత అమ్మిపెట్టింది ఇవాళ?"

అతను ఓణీలు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"మన షాపుకి రెండు పార్టీల ఆడవాళ్ళూ వస్తారు. ఏ పార్టీ వాళ్ళైనా కుచ్చిళ్ళు ఒకేవైపు దోపుకుంటారు. ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసిద్ది?" అని, నా వైపు తిరిగారు. "ఒరేయ్ అబ్బాయ్, ఫోన్లకి రూల్సు రాయి. పెద్ద కంపెనీల్లో ఉంటాయంట గదా."

"ఎట్టాంటివండీ?"

"గట్టియ్యి."

కంప్యూటరు ముందు కూర్చునేవాడికి కంప్యూటరులో దొరికేవన్నీ వచ్చి ఉంటాయని షావుకారు గారి నమ్మకం. ఆ నమ్మకం మీదే మా షాపులో తలుపు తాళం పాడైతే నన్ను పిలుస్తారు. నాకు చట్టం తెలియదు. అయితే తెలియదు అనే మాట అలవాటు లేదు. దాని బదులు ఏదో ఒక జోకు వేస్తాను, అడిగినవాళ్ళు నవ్వి వెళ్ళిపోతారు. ఇంతకాలం బతుకు అలా గడిచింది.

ఇంటర్నెట్‌లో వెతికితే అమెరికా కంపెనీ ఒకటి తన ఉద్యోగుల కోసం పెట్టుకున్న పాలసీ దొరికింది. దాన్ని ఆ మధ్యాహ్నమే తెలుగు చేశాను. 'సంస్థ ప్రతిష్ఠ', 'గోప్య సమాచారం' లాంటి మాటలు రాస్తుంటే నాకే హుందాగా అనిపించింది. అప్పటిదాకా మా షాపులో గోప్య సమాచారం అంటే ఆషాఢం డిస్కౌంటుకి ముందు రేట్లు ఎంత పెంచుతామన్నది ఒక్కటే.

అందులో ఏడో రూలు దగ్గర కాస్త ఆగాను. మూలంలో 'సంస్థ అంతర్గత విషయాలు బయట పెట్టరాదు' అని ఉంది. అంతర్గత విషయాలంటే మావాళ్ళకి అర్థం కాదని, నా తెలివితో విడమరిచి రాశాను: జీతాలు, పని గంటలు, సెలవులు, షాపులో వసతులు. చాలా స్పష్టంగా వచ్చింది. మెచ్చుకుంటూ మళ్ళీ చదువుకున్నాను.

చిట్టచివర ఒక వాక్యం ఉంది. పై నియమాలేవీ జీతాల గురించీ పని పరిస్థితుల గురించీ ఉద్యోగులు తమలో తాము గానీ, బయట గానీ మాట్లాడుకునే హక్కుకి అడ్డు కావు అని దాని అర్థం. అది వాళ్ళ దేశంలో ఏదో చట్టం కోసం పెట్టుకున్నది, మనకెందుకులే అనుకున్నాను. పైగా అది ఉంచితే కాగితం రెండో పేజీలోకి పోతోంది. షావుకారు గారికి ఏదైనా ఒక పేజీలో ఉంటేనే ఇష్టం. తీసేశాను. పేజీ నిండుగా, అందంగా కుదిరింది.

షావుకారు గారు చదివి, తన వంతుగా రెండు కలిపారు. ఒకటి, స్టాఫ్ అంతా ఆయన నంబరు సేవ్ చేసుకోవాలి, ఎవరు ఏ స్టేటస్ పెట్టారో ఆయనకి కనిపించాలి. రెండు, కొత్త స్టాకు ఫొటోలు రోజూ ప్రతి ఒక్కరూ తమ స్టేటస్‌లో పెట్టాలి.

"స్టేటస్ ఖాళీగా ఉంటేనే గదా సింహాలు దూరేది. చీరలతో నింపండి," అన్నారు. వ్యాపారం తెలిసిన మనిషి.

మర్నాడు షాపు తెరిచి, దేవుడికి హారతి ఇచ్చాక, అందరినీ నిలబెట్టి నేను చదివి వినిపించాను. పత్రికలో రాశిఫలాలు చదివినట్టు చదివాను. 'ఏడో రాశివారు నోరు అదుపులో పెట్టుకోవాలి' అన్నాను. అందరూ నవ్వారు. పట్టుచీరల కౌంటరు అక్క ఒక్కతే చెయ్యి ఎత్తింది.

ఆ అక్క గురించి చెప్పాలి. వినుకొండ రోడ్డులో ఒక ఊరి నుంచి బస్సులో వచ్చి వెళుతుంది. నేను ఈ షాపులో చేరేనాటికే పాతకాపు. చీర మడత విప్పకముందే మనిషిని చూసి ఆమె ఎంతలో కొంటుందో, ఏ రంగు దగ్గర ఆగుతుందో చెప్పేస్తుంది. స్టాఫ్ మాత్రమే కాదు, కస్టమర్లు కూడా ఆమెని అక్కా అనే పిలుస్తారు. బొల్లాపల్లి నుంచి, మాచర్ల నుంచి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే 'అక్క ఉందా' అని అడుగుతారు. భర్త నాపరాయి పనిలో నడుము దెబ్బతిని ఇంట్లోనే ఉంటున్నాడు. ఇంటికి వచ్చే జీతం ఆమెదొక్కటే. ఈ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. అందరికీ తెలుసు, అంతే.

"తమ్ముడూ, చీరల ఫొటోలు పెడతాం సరే. నెట్ ప్యాకు ఎవరు ఎయ్యాలి?" అని అడిగింది.

"పుణ్యం మీదే అక్కా, ప్యాకూ మీదే," అన్నాను.

మళ్ళీ అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. సంతకాలు పెట్టమంటే వరసగా వచ్చి పెట్టారు. ఒక్కరూ చదవలేదు. నవ్వుతున్నవాళ్ళు కాగితం ఎందుకు చదువుతారు? ఆ రోజు నేను దాన్ని నా సామర్థ్యం అనుకున్నాను.

తర్వాత శ్రావణమాసం వచ్చింది. శ్రావణంలో బట్టల షాపు అంటే పెళ్ళివారిల్లూ బస్టాండూ కలిసినట్టుంటుంది. వరలక్ష్మీ వ్రతం ముందు రోజుల్లో పట్టుచీరల కౌంటరు దగ్గర నిలబడటానికే చోటు ఉండదు. ఆ కౌంటరు వెనక ఒకప్పుడు స్టూళ్ళు ఉండేవి. సేల్స్ అమ్మాయి కూర్చుని కనిపిస్తే బేరం లేదని జనం అనుకుంటారని షావుకారు గారు వాటిని గోడౌనుకి పంపించారు. భోజనానికి వెళ్ళిన కాసేపు తప్ప పొద్దున వచ్చింది మొదలు షట్టరు దించేదాకా వాళ్ళు నిలబడే ఉంటారు. నేను ఈ పక్కన తిరిగే కుర్చీలో కూర్చుని ఉంటాను. నా కుర్చీ వల్ల బేరం పోయిందని ఎవరూ అనలేదు.

ఆ వారంలో ఒక సాయంత్రం అక్క రూలు ప్రకారం స్టేటస్‌లో చీరలు పెట్టింది. ధర్మవరం, గద్వాల, ఉప్పాడ, వరసగా. వాటి వెనక ఇంకొక ఫొటో ఉంది. రెండు కాళ్ళు. చీలమండల దగ్గర చెప్పుల పట్టీల ముద్ర దిగి, వాచి, మెరుస్తున్నాయి. కింద ఇలా రాసింది: 'ఈ రెండూ కూడా పొద్దుటి నుంచి డ్యూటీలోనే ఉన్నాయి. ఒక స్టూలు ఉంటే బాగుండు.'

షాపు పేరు లేదు. షావుకారు పేరు లేదు. తిట్టు లేదు. నేను చూసి నవ్వుకున్నాను కూడా, బాగా రాసిందే అని.

రోజూ చీరలు పెట్టమని మేమే చెప్పడం వల్ల జరిగిందేమిటంటే, ఆమె స్టేటస్ ఆమెది కాకుండా పోయింది. చీరల కోసం ఆమెతో నంబర్లు మార్చుకున్న ఆడవాళ్ళు మూడు మండలాల్లో ఉన్నారు. వాళ్ళంతా ఉప్పాడ చీర దాకా వేలితో నొక్కుకుంటూ వచ్చి, ఇంకోసారి నొక్కి, కాళ్ళ దగ్గర ఆగారు. ఆ ఆగినవాళ్ళలో గుంటూరులో ఉండే షావుకారు గారి వదినగారు కూడా ఉన్నారు. ఆవిడ ఆయనకి ఫోను చేసి, "చీరలు బాగున్నాయి మరిదీ. చివర్లో ఆ కాళ్ళు ఎవరివి?" అని అడిగారట.

వేరే ఎవరు అడిగినా ఆయన తట్టుకునేవారేమో. అన్నదమ్ములు విడిపోయినప్పుడు గుంటూరు షాపు వాళ్ళకీ, పేట షాపు ఈయనకీ వచ్చాయి. అప్పటి నుంచీ ఆ వదినగారి మాటల్లో ఏది పొగడ్తో ఏది పోటో ఈయన తూకం వేసుకుంటూనే ఉన్నారు.

పొద్దున్నే నన్ను పిలిచారు. "మన రూల్సులో ఇది ఎక్కడొచ్చిద్ది?"

ఆలోచించి చెబుతానని అనవచ్చు. చూడాలండీ అని అనవచ్చు. పరీక్షలో తెలిసిన ప్రశ్న పడ్డట్టు, "ఏడోది అండీ. వసతులు," అన్నాను.

"అయితే లెటరు కొట్టు."

"ఏమని?"

"రేపటి నుంచి రావద్దని."

కొట్టాను. 'సంస్థ నియమావళిని ఉల్లంఘించినందున మీ సేవలు ఇకపై అవసరం లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము' అని రాశాను. చింతిస్తున్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. అక్షరాలు కొంచెం పెద్దవి చేశాను, ఆమెకి దగ్గరి చూపు ఆనడం లేదని గుర్తొచ్చి. ఇంత శ్రద్ధ ఇంకో పనికి వాడి ఉంటే బాగుండేది.

అక్కని పిలిచినప్పుడు కస్టమరు ముందు చీర కొంగు పరుస్తూ ఉంది. కొంగు అలాగే ఉంచి వచ్చింది.

"ఏంది అమ్మాయ్, షాపు పరువు కాళ్ళ కింద పెట్టావే," అన్నారు షావుకారు గారు, అందరికీ వినబడేలా.

"నేను పెట్టింది కాళ్ళేనండి. పరువు గురించి రాయలా."

"స్టూలు కావాలంటే నన్ను అడగొచ్చు గదా."

"పోయిన శ్రావణంలో అడిగానండి. సంక్రాంతి అప్పుడూ అడిగా. తమరు చూద్దాం అన్నారు."

అది నిజం. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన నా వైపు చూశారు. నేను లెటరు ఇచ్చాను. చేతికి చెయ్యి తగలకుండా, కాగితం చివర పట్టుకుని ఇచ్చాను.

అక్క పైనుంచి కిందకి చదివింది.

"ఇది నువ్వు రాసిందేనా తమ్ముడూ?"

"ఆఁ."

"తెలుగు బాగుంది," అంది.

టిఫిన్ బాక్సు తీసుకుని వెళ్ళిపోయింది. సగం పరిచిన చీర దగ్గర కూర్చున్నామె, "ఆ అక్క యాడికి పోయింది? నాకు అంచు చూపిస్తా అంది," అని అడుగుతోంది. ఆ సమయంలో ఏదో ఒకటి అనాలి, అందరూ నన్నే చూస్తున్నారు, నేను ఏదో ఒకటి అనేవాణ్ణే. ఏసీ రిమోటు తీసి ఒక పాయింటు తగ్గించాను.

ఇందులో హాస్యం ఏమైనా ఉందంటే, ఆ కాళ్ళ ఫొటో ఆ సాయంత్రానికి దానంతట అదే పోయింది. స్టేటస్ ఒక రోజే ఉంటుంది. మేము ఏమీ చెయ్యకుండా ఊరుకుని ఉంటే గుంటూరు వదినగారు తప్ప లోకం మొత్తం దాన్ని మర్చిపోయేది. ఆ ఫొటో మాయమైంది. మా లెటరు మాత్రం మాయం కాలేదు.

షాపులో నాతో ఎవరూ పోట్లాడలేదు. అలా పోట్లాడి ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పేవాణ్ణి. టీ టైములో నేను వెళ్ళి నిలబడితే మాటలు ఆగిపోయేవి. మా స్టాఫ్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పూలు తప్ప ఏమీ రావడం లేదు. ఒకరోజు నేను ఒక జోకు పెట్టాను. అందరూ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. అంతే.

నాకు కాలేజీలో సీనియరు ఒకతను పేట కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాడు. అతని దగ్గరికి రూల్స్ కాగితం పట్టుకెళ్ళాను. కోర్టు ఎదురుగా టీ బంకు దగ్గర నలుగురు నల్లకోట్ల మధ్య ఉన్నాడు. మా ఫ్రెండు వాళ్ళ షాపులో రూల్సు అన్నా, ఒకసారి చూడు, అన్నాను. అతను కాగితం చూడకముందే నన్ను చూసి, "మీ ఫ్రెండు మీ షాపులోనే చేస్తాడా?" అన్నాడు. కాగితం పైన మా షాపు గుర్తు ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నేనే, అందంగా ఉంటుందని.

పైకి చదవడం మొదలుపెట్టాడు. నేను చదివినట్టే, రాగం తీసి. నల్లకోట్లన్నీ నవ్వాయి. నేను రాసింది చదివి జనం నవ్వడం నాకు అలవాటే. నేను నవ్వించకుండా వాళ్ళు నవ్వడం అదే మొదలు.

"జీతం గురించి మాట్లాడకూడదా? నలుగురు కూడి సంఘం పెట్టుకోవడానికే రాజ్యాంగం హక్కిచ్చింది గదరా. స్టూలు గురించి మాట్లాడుకోవడానికి మీ షావుకారు పర్మిషనా?" అన్నాడు. "ఓనరు అందరి స్టేటస్‌లూ చూస్తాడా? వాళ్ళ ఫోను వాళ్ళది. రోజూ షాపు చీరలు పెట్టాలా? ఫోను ఆమెది, నెట్టు ఆమెది, తెలిసినోళ్ళు ఆమె తెలిసినోళ్ళు. అద్దె ఇస్తన్నారా?"

"లేదన్నా."

"ఎవర్నైనా పీకారా దీన్ని పట్టుకుని?"

చెప్పాను. నవ్వడం ఆపేశాడు.

"ఇన్నేళ్ళు చేసిన మనిషిని ఒక కాగితం ఇచ్చి రేపట్నించి రావద్దు అనడానికి లేదురా. షాపుల చట్టం అనేది ఒకటుంది. సరైన కారణం ఉండాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి. తప్పు చేసిందంటారా, ఆమె చెప్పేది ఇనాలి. ఆమె లేబర్ ఆఫీసుకి పోతే మీ షావుకారు సమాధానం చెప్పుకోవాల్సిందే." కాగితం తిరగేసి చూశాడు. "ఇట్టాంటి వాటికి చివర ఒక లైను ఉంటదే. ఇవేవీ మీ హక్కులకి అడ్డు కాదు అని. అదేది?"

"ఉందన్నా. తీసేశా."

"ఎందుకు?"

"అమెరికా వాళ్ళది గదా అని."

"మరి మిగతాయన్నీ మాచర్లవా?"

టీ బంకాయన కూడా నవ్వాడు. అతనికి విషయం ఏమిటో తెలియదు, నా మొహం చూసి నవ్వాడు. ఆ మాటకి నేను కూడా నవ్వి ఉండాల్సింది, మంచి జోకు. నేనే వెయ్యాల్సిన జోకు. టీ సగంలో వదిలేసి బండి తీశాను.

షావుకారు గారికి చెప్పినప్పుడు ఆయన ముందు నమ్మలేదు. "ఆ అమ్మాయి కేసులకి పోయే మడిసి కాదురా," అన్నారు. అంటే మంచిది కాబట్టి ఏమైనా చెయ్యొచ్చు అని. నేను అదే మాట ఆయనతో అనలేకపోయాను. "పోకపోయినా తప్పు తప్పే గదండీ," అని మాత్రం అన్నాను. నా జీవితంలో నేను ఆయనతో ఇంత గొంతు పెంచింది లేదు, అది కూడా ఏసీ చప్పుడులో ఆయనకి సగమే వినబడింది.

ఆయన్ని చివరికి కదిలించింది చట్టం కాదు, నేను కాదు. ఒక వారంలో ముగ్గురు నలుగురు పాత కస్టమర్లు గుమ్మంలోనే "అక్క లేదా?" అని అడిగి, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోయారు. మళ్ళీ వస్తామంటే బట్టల షాపు భాషలో ఏమిటో ఆయనకి తెలుసు.

"పోయి పిలుచుకురా. ఉత్తరం కంప్యూటరులో పొరపాటున వచ్చిందని చెప్పు," అన్నారు.

"కంప్యూటరు దానంతటది రాయదండీ."

"నువ్వు పొరపాటున కొట్టావని చెప్పు. నేనైతే షాపు నడపాల, నేను తగ్గితే రేపు ఎవరూ ఇనరు. నీదేముందిరా, నువ్వు ఏమన్నా నవ్వుతాలుగానే తీసుకుంటారు."

నన్ను అబద్ధం ఆడమని బతిమాలుతున్నానని ఆయన అనుకున్నారు. ఏడో రూలు విడమరిచింది ఎవరో, చివరి వాక్యం తీసేసింది ఎవరో ఆయనకి తెలియదు. ఆ కాగితం అంతా అమెరికా నుంచి అలాగే వచ్చిందని ఆయన నమ్మకం.

అక్క వాళ్ళ ఊరు బస్సులో వెళ్ళాను. ఇంటి ముందు ఎండుమిరపకాయలకి తొడాలు తీస్తూ కూర్చుని ఉంది. కూలి పనికి ఒప్పుకుందట. ఆమె భర్త మంచం మీద నుంచి లేవబోతూ నడుము పట్టుకుని ఆగిపోయి, "రా అబ్బాయ్, కూర్చో," అన్నాడు. అక్క నాకు స్టూలు చూపించింది. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక స్టూలు. దాని మీద కూర్చోవడం ఎంత కష్టమో నేను చెప్పలేను. నిలబడి ఉండటం ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుందని కూర్చున్నాను.

"షావుకారు పంపించాడా, నువ్వే వచ్చావా?"

"రెండూ అక్కా."

"ఏమంటాడు?"

"ఉత్తరం పొరపాటున వచ్చిందని చెప్పమన్నాడు. పొరపాటు నాదని."

"నీదేనా?"

"నాదే. ఏడో రూల్లో జీతాలు, వసతులు అని రాసింది నేను. మీరు మాట్లాడుకోవచ్చు అన్న లైను చివర ఉంటే తీసేసింది నేను."

ఆమె కొంతసేపు తొడాలు తీసింది. "అది తీసేస్తే నీకేమొచ్చింది తమ్ముడూ?"

ఏమొచ్చిందో చెప్పాలంటే ఒక పేజీలో సరిపోయింది అని చెప్పాలి. చెప్పాను. ఆమె నా వైపు చూసిన చూపులో కోపం ఉంటే బాగుండేది. నా వయసు వాళ్ళు ఇంత చిన్నదాని కోసం ఇంత పని చేస్తారా అని తెలుసుకుంటున్నట్టుగా చూసింది.

"నన్ను అందరి ముందు పంపారు. అందరి ముందే పిలవమను," అంది. "ఆ రూల్సు ఉంటే మాత్రం నేను రాను. ఈ తొడాలే తీసుకుంటా. ఈడ కూర్చుని చేస్తన్నా గదా."

కొత్త రూల్సు రాయడానికి మా సీనియరుని బతిమాలి షాపుకి తీసుకొచ్చాను. ఈసారి ప్రతి కౌంటరు దగ్గరికీ వెళ్ళి అడిగాను, జోకులు లేకుండా. జోకులు లేకుండా అడిగితే జనం ఎంత మాట్లాడతారో నాకు అప్పుడే తెలిసింది. షావుకారు గారు ప్రతి వాక్యాన్నీ మూర మూరకీ బేరం ఆడారు. ఫోను కస్టమరు ముందు వద్దన్నది ఆయన గెలిచారు, అది న్యాయమే. షాపు పేరుతో రాజకీయం వద్దన్నదీ, కస్టమర్ల ఫొటోలు అడక్కుండా పెట్టొద్దన్నదీ అందరూ ఒప్పుకున్నారు. సొంత పేరుతో ఎవరి పార్టీ వాళ్ళిష్టం అన్నప్పుడు ఆయన కళ్ళ ముందు గులాబీరంగు ఓణీ కదిలినట్టుంది, చాలాసేపు గింజుకుని ఒప్పుకున్నారు. షాపు చీరలు షాపు నంబరు నుంచే వెళ్ళాలి, ఎవరైనా తమ ఫోనులో పెడితే వాళ్ళ ఇష్టంతోనే. ఎవరి స్టేటస్ ఎవరు చూడాలో వాళ్ళ ఇష్టం. జీతం, పని గంటలు, సెలవులు, కూర్చునే వీలు, వీటి గురించి మాట్లాడటం, రాయడం తప్పు కాదు. తప్పు జరిగిందనుకుంటే ముందు ఆ మనిషిని అడగాలి, చెప్పేది వినాలి. కాగితం రెండో పేజీలోకి వెళ్ళింది. ఎవరూ చచ్చిపోలేదు.

ఒక సోమవారం హారతి అయ్యాక అక్క వచ్చి గుమ్మం లోపల నిలబడింది. షావుకారు గారు నాకు సైగ చేశారు. నేను ముందుకు వచ్చి, "ఆ ఉత్తరం పొరపాటున ఇచ్చింది. తప్పు నాది," అన్నాను.

అందరూ నవ్వారు.

వాళ్ళ తప్పేమీ లేదు. ఇన్నాళ్ళూ నేను అదే చోట, అలాగే నిలబడి, అలాంటి మొహంతోనే నవ్వించాను. ఏదో పెద్ద జోకు మొదలుపెట్టాననుకున్నారు. "నిజంగానే చెప్తన్నా, నేనే రాశాను, నేనే తీసేశాను," అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. లంగా ఓణీల సేల్స్‌మన్ అయితే, "ఏడో రాశికి శని పట్టింది," అన్నాడు. నా పాత జోకులోంచే. షావుకారు గారు కూడా చిన్నగా నవ్వారు, పని సాఫీగా అయిపోతోందని. గొంతు పెంచితే నటిస్తున్నానంటారు, ఆపితే అయిపోయిందనుకుంటారు. ఆపేశాను.

అక్క నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగి, కొత్త రూల్సు చేతిలోకి తీసుకుని, రెండు పేజీలూ నిలబడి చదివింది. మిగతావాళ్ళు కూడా ఆమె భుజం మీదుగా చదివారు. తర్వాతే సంతకాలు. పాత లెటరు వెనక్కి తీసుకున్నట్టు షావుకారు గారు సంతకం పెట్టిన కాగితం ఆమె బ్యాగులో పెట్టుకుని కౌంటరు వెనక్కి వెళ్ళింది. గోడౌను నుంచి స్టూళ్ళు వచ్చాయి. రెండే వచ్చాయి, వంతుల మీద కూర్చుంటున్నారు. మిగతావి ఏవని అడుగుతున్నారు. ఇప్పుడు అందరి ముందే అడుగుతున్నారు.

అక్క నాతో మామూలుగానే ఉంటుంది. బిల్లు అంటే బిల్లు, సైజు అంటే సైజు. టీ తెస్తే నాకూ ఒక కప్పు ఉంచుతుంది. అందుకే చాలా రోజులు నాకు తెలియలేదు.

దీపావళి ముందు ఒక మధ్యాహ్నం మా షాపులో చీరలకి పికో, ఫాల్స్ కుట్టే పిన్ని నా బిల్లింగు టేబులు మీద చేతులు ఆనించి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. "అక్క స్టేటస్ చూశావా అబ్బాయ్? ఎంత బాగా రాసిందో."

ఫోను తీసి చూశాను. అందరి స్టేటస్‌లూ ఉన్నాయి, సేల్స్‌మన్ సింహంతో సహా. అక్కది లేదు. పైకీ కిందకీ వేలితో జరిపాను. పిన్ని ఫోనులో ఉంది, పక్క కౌంటరు అమ్మాయి చూసి నవ్వుతూనే ఉంది. అంటే నాకు ఒక్కడికే కనిపించకుండా పెట్టుకుంది. ఎప్పటి నుంచో తెలియదు. అడగడానికి లేదు. ఎవరి స్టేటస్ ఎవరు చూడాలో వాళ్ళ ఇష్టం అని రాసి, దాని కింద సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"చూశావా లేదా?" అంది పిన్ని, నా ఫోనులోకి తొంగి చూడబోతూ.

ఫోను బోర్లా పెట్టాను.

"చూశా పిన్నీ," అన్నాను. "చానా బాగుంది."